లక్షకు రెండు కామాలు

అనంతపురంలోని రైతులకు పరిహారాలిచ్చే ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చింది 2005లో. వాటిలో రూపాయల మొత్తం కొట్టే గడి తయారుచేసింది అక్కడి కంప్యూటరు కుర్రాడు కార్తికేయ. అంకెలు కొడుతుంటే మధ్యలో కామాలు వాటంతటవే పడేవి. అబ్బ, ఆ ముచ్చటకు గుమాస్తాలంతా నోళ్ళు తెరిచారు! సేవ్ చేసేటప్పుడు ఆ కామా తీసేసే కోడ్ మాత్రం ఇతగాడు ఏదో విదేశీ సైటు నుంచి ఎత్తుకొచ్చాడు. ఎండిపోయిన వేరుశనక్కిచ్చే మొత్తాలు కొట్టి చూశాడు. ఐదు వేలు, పన్నెండు వేలు, అన్నీ సరిపోయాయి. చావుకిచ్చేది కూడా కొట్టి చూడాలని ఎవరికి తోస్తుంది చెప్పండి!

జూన్‌లో ఉరవకొండ దిక్కు నుంచి బయమ్మ వచ్చింది. మూడేళ్ళు వరసగా పంట ఎండితే మొగుడు ఎర్రన్న పురుగుల మందు తాగాడు. కొంగుముడి విప్పి చెక్కు తీసి కార్తికేయ ముందు పెట్టింది.

"ఏమప్పా, దీన్ని మీరే పెట్టుకోండి. మార్చాలంటే బ్యాంకులో ఖాతా తెరవాలంట, దానికి ఐదునూర్లు కట్టమంటాండారు. నా తాన యాడుండాయి దుడ్లు?"

చెక్కు మీద నూరు రూపాయలని ఉంది. చావుకిచ్చేది లక్ష. కార్తికేయ అప్పటికప్పుడు గడిలో లక్ష కొట్టాడు. 1,00,000 అని చక్కగా పడింది. సేవ్ చేసి తెరిస్తే నూరు! ఎత్తుకొచ్చిన కోడ్ మొదటి కామా ఒక్కటే తీస్తుంది, 100,000 అని మిగులుతుంది. రెండోది అడ్డమొస్తే కంప్యూటరు అక్కడితో చదవడం ఆపేస్తుంది. వేలకు ఒకటే కామా, లక్షకు రెండు. ఆ ఆఫీసులో లక్ష ఇచ్చేది చావుకొక్కదానికే. కంప్యూటరు చెప్పాక సంతకం పెట్టేవాళ్ళు మాత్రం ఎందుకు చూస్తారు?

నూరు పడిన పేర్లన్నీ స్క్రీన్ మీదికి తీశాడు. ముప్పై ఏడు. అందరూ పోయినవాళ్ళే. ఒక్కొక్కరూ తన మొహంలోకే చూస్తున్నట్టనిపించింది. మిగతా ముప్పై ఆరు ఇళ్ళవాళ్ళూ చెక్కు తీసుకొని వేలిముద్ర వేసి పోయారు. ఇదేమిటని ఒక్కరూ అడగలేదు.

"తప్పు నాదేనమ్మా. నీకు రావాల్సింది లక్ష. సార్‌తో నేనే చెప్పి కొత్త చెక్కు రాయిస్తా."

సంతోషపడుతుందనుకున్నాడు, పిచ్చివాడు. బయమ్మ గోడకానుకొని కూలబడింది.

"లక్షనా? 'నీ పానం ఖరీదు నూరు రూపాయలంట, దానికేనా మమ్మల్ని ఇడిసిపోతివి' అని దినామూ మా ఇంటాయన పటం ముందర తిట్టుకుంటిని గదప్పా! ఇప్పుడేమని చెప్పుకోవల్ల ఆయప్పకు?"

నెల తిరిగేసరికి అందరికీ లక్ష ముట్టింది. కార్తికేయకు మాత్రం, ఎవరు లక్ష అన్నా సరే, ఆ ముప్పై ఆరు ఇళ్ళలో పోయినవాళ్ళను తిడుతున్న గొంతులే వినబడేవి.