తూము మీద రెండు రోజులు

సలోమి కాలువ తూము గట్టు మీద కూర్చుని ఉంది, పక్కన మస్తానమ్మ ఉంది, పెళ్లయి దూరపు ఊరు పోయి మొన్న చలికాలంలో జ్వరంతో చనిపోయిన మస్తానమ్మే, కానీ ఎనిమిదో తరగతి నాటి నీలం పావడాలో, రెండు జడలు మడిచి కట్టుకుని ఉంది. కాలువలో నీళ్లకు బదులు దూది పారుతోంది, అవతలి గట్టు కాసేపు బడి గేటులా, కాసేపు సలోమి రాత్రంతా నిలబడే నూలుమిల్లులా కనబడుతోంది. అదేం వింత కాదు, వింతల్లా కలలో కూడా కాళ్లు లాగుతుండటమే.

"బడికి టైమయిందే," అంటుంది మస్తానమ్మ.

"మనం మానేసి పాతికేళ్లయింది."

"నేను మానలా. నువ్వు మానేశావ్. ఆరు రోజులు ఈడే కూర్చున్నా నీకోసం. ఒక్కదాన్నే ఆ తుమ్మల దారిన పోలేక ఇంటికెళ్లిపోయా."

ఆ వారం సలోమి మిరపకోతలకు పోయింది, అంతే. కోతలు అయిపోగానే సంచీ తగిలించుకుని వస్తే తూము మీద మస్తానమ్మ లేదు, మర్నాడూ లేదు, చదువు మానేసిందనుకుని తనూ వెనక్కి తిరిగింది.

"నేనూ రెండ్రోజులు చూశానే."

"మా ఇంటికొచ్చి ఒక్క మాట అడక్కపోయావా?"

"మీ ఇల్లు నాకేం తెలుసు? మీ బజారుకి నేనెప్పుడన్నా వచ్చానా? నువ్వు మా పేటకొచ్చావా?"

"రాలేదులే," అంటుంది మస్తానమ్మ, కోపం లేకుండా. దూది ఇద్దరి మోకాళ్ల దాకా వస్తుంది. సలోమికి ఏడవాలని ఉంది, ఏడవడానికి ఓపిక లేదు.

"అమ్మా. అమ్మా!"

మిల్లు నుంచి వచ్చి, చీరైనా మార్చకుండా గోడకు ఆనుకుని కూర్చున్నచోటే నిద్రపోయింది సలోమి. తెల్లగా తెల్లారి చాలాసేపయింది. తొమ్మిదో తరగతి చదివే కూతురు కెజియా యూనిఫాం వేసుకుని, సంచీ మాత్రం కింద పెట్టేసి నిలబడి ఉంది.

"నాగజ్యోతి బడికి రావట్లేదు. ఒక్కదాన్నే అంత దూరం పోలేను. నేనూ మానేస్తా."

"ఎన్నాళ్లు చూశావే దానికోసం?"

"రెండ్రోజులు."

సలోమి కూతురి ముఖంలోకి చూసింది. ఒళ్లంతా పడుకోమంటోంది. గోడ పట్టుకుని లేచి చెప్పులు వెతుక్కుంది.

"పద, వాళ్లింటికి పోదాం."

"వాళ్లిల్లెక్కడో నాకు తెలీదమ్మా."

"అడుగుతా పోదాం. సంచీ తీసుకో," అంది సలోమి, జుట్టులో చిక్కుకున్న దూది దులుపుకుంటూ.