నిద్ర లేవని విత్తనము

కార్తికమాసమున నకాలమేఘము లాకసమును గ్రమ్మి రేయింబవళ్లెడతెగక వర్షించి వెలిసిన పిదప నెఱ్ఱనేలల యాసీమయందుఁ గోఁతకు సిద్ధమైయున్న వేరుసెనగచేలన్నియు జలసిక్తహరితపర్ణశోభితములై బాలభాస్కరకిరణములకుఁ దళతళ మెఱయుచుండెను. చూచువారి కది కన్నులపండువు. కర్షకుల కది కడుపుకోఁత. ఏలయన నావానతడికిఁ గాయలలోని గింజలు పెఱుకకమున్నె భూగర్భమున మొలకలెత్తి పంటయంతయు మట్టిపాలగుచుండెను.

ఆప్రాంతపు వ్యవసాయపరిశోధనక్షేత్రమున శేషారత్నమను వృక్షశాస్త్రజ్ఞురాలు తన మడిలోని మొక్క నొకదానిఁ బెఱికి చూచి నిశ్చేష్టితురాలయ్యెను. వానకుఁ జెడని వంగడమును సృష్టింపవలెనని యౌవనమెల్ల ధారవోసిన యామె పంటయు మొలకెత్తిపోయెను. ప్రక్కమడి కౌముదిది. కొన్నియేండ్ల క్రిందటనే యుద్యోగమునఁ జేరిన యాచిన్నది గింజ ముదురువేళ దానియం దూఱి దానిని నిద్రపుచ్చెడు హార్మోనే కీలకమని యెంచి యది సమృద్ధిగాఁ గల మొక్కలను సంకరపఱచి పెంచినది. శేషారత్నము వంగి యామడిలోని కాయ నొకదానిఁ జిదిమెను. గింజ గులాబిపొర చెక్కుచెదరక హాయిగ నిద్రించుచుండెను. చూచినంతనే యామె కడుపులో నిప్పులు వోసినట్లయ్యెను.

అయితేఁ గౌముది సంతోషము నిలువలేదు. ఎండఁబెట్టి దాఁచిన యాగింజలు విత్తుకాలము వచ్చినను మేల్కొనవయ్యెను. మొలకలను లేపునని పేరుగన్న జిబ్బరెలిన్ ద్రవమున నానవైచినను ఫలము లేకపోయెను. "మొలవని విత్తనము విత్తనమే కాదు. ఈపని యింతటితోఁ జాలింపుము" అని క్షేత్రాధికారి యాజ్ఞాపించెను.

కౌముది కన్నీరు తుడుచుకొనుచు శేషారత్నమును సమీపించి "అక్కా! మీ రెఱుఁగని విత్తనము లేదు. వీనిని లేపు నుపాయ మేదైనఁ గలదా?" యని వేఁడెను.

కలదు. పండుచున్న ఫలములనుండి వెలువడు ఇథిలీన్ వాయువు సోఁకిన నెంత మొండినిద్రగల వేరుసెనగయైన లేచునని శేషారత్నము పూర్వమొకప్పుడు స్వయముగాఁ బరీక్షించి చూచియుండెను. మాట నాలుక చివరివఱకు వచ్చెను. అంతలో నామె కన్నులకు మొలకలెత్తి కుళ్లిన తనమడి కట్టెదుట నిలిచెను.

"నాకుఁ దెలియదమ్మా" యనెను.

కౌముది వేఱొకయూరికి బదిలీ చేయించుకొని పోవుచు విత్తనపుసంచిని శేషారత్నము చేతఁబెట్టి "వీనిని బాఱవేయుటకు నాకుఁ జేతులాడలేదక్కా. మీయొద్ద నున్నవన్న నాకు నిశ్చింత" యని పాదములంటి వెడలిపోయెను.

ఆమె కనుమఱుఁగైనంతనే శేషారత్నము మాగుచున్న యరఁటిపండ్ల నడుమఁ దడిపిన యాగింజల నుంచి మూఁతపెట్టెను. కొలఁదినాళ్లకే యవి తెల్లని మొలకలతో లేచెను. అధికారి చూచి, నిద్ర లేపినవారిదే విత్తనమని యెంచి, పరమానందభరితుఁడై "అమ్మా! మీ చిరకాలతపస్సు ఫలించినది గదా!" యనెను. ఆమె యౌననలేదు. కాదనలేదు. ఆమౌనముననే వంగడమునకు శేషారత్నమని పేరు స్థిరపడెను.

కొన్నియేండ్లకు మరలఁ గోఁతవేళ వానలు గురిసినను ఆవంగడము వేసిన చేలు నిలిచెను. రైతులు సభచేసి యామెను సన్మానించిరి. ఆసభకుఁ గౌముదియు వచ్చెను. కోపముతో వచ్చి నిలదీసియున్నచో శేషారత్నము ప్రాణము కుదుటఁబడియుండెడిదేమో. కాని కౌముది పరుగున వేదికనెక్కి యామె చేతులు పట్టుకొని "మీచేతఁ బెట్టుటచేతనే యవి బ్రదికినవక్కా! ఎట్లు లేపితిరి?" యని యడిగెను.

"మాగెడు పండ్ల వాయువుచేత."

"అయ్యో! నే నడిగిననాఁటికే యది మీకుఁ దెలిసియుండిన నెంత బాగుండెడిది!" అని కౌముది నవ్వెను.

శేషారత్న మానవ్వును బరికించెను. సందేహముకొఱకు వెదకెను. నిష్ఠురముకొఱకు వెదకెను. తనయెద నిన్నేండ్లు కాల్చిన యసూయ రవ్వంతయైన నాకన్నులఁ గానవచ్చునేమోయని వెదకెను. ఏదియు లేకుండెను. పేరును గీర్తియుఁ గైకొనినను గైకొనుటకు వీలులేని దొకటి యాచిన్నదానియొద్ద నింకను మిగిలియేయుండెను. దానిఁ జూచి శేషారత్నము మున్నెన్నఁడు లేనంతగా నసూయపడెను.

కౌముది వేదిక దిగి రైతుల నడుమఁ గూర్చుండి పచ్చికాయ లొలిచి తినుచు వారితో ముచ్చటలాడుచుండెను. మెడనిండఁ బూలదండలతో నున్నతాసనమునఁ గూర్చున్న శేషారత్నము తన్నుఁ బొగడు మాట లొక్కటియుఁ జెవికెక్కక చూపు మరల్పలేక యామెనే చూచుచుండెను.