ఎవరూ ఉండని ఇల్లు

లారీకి కొడుతున్న ఎర్ర రంగు గోడ దాటి వచ్చి యాకమ్మ పడుగు మీద పడింది. తెల్లారగానే నలుగురు చేతులేసి వీధి పొడుగునా సాపిన తెల్లటి నూలు అది. కళ్లముందే చుక్కలు చుక్కలుగా ఎర్రబడింది. యాకమ్మ కొంగుతో తుడిచింది. తుడిచిన కొద్దీ రంగు పాకింది.

"ఓ రంగు గొట్టేటోడా! నీ చేతులు పడిపోను! జంపఖానా నేసి అమ్ముకునేటోళ్లం, ఇప్పుడు దీన్నెవడు కొంటడురా?"

గోడ అవతల షెడ్డులో రంగు కొట్టే కంప్రెషర్ మోత ఆగలేదు.

షెడ్డును ఆనుకున్న ఇంటి గడప మీద సిద్దిరాములు కూర్చున్నాడు. లేవబోయి, మళ్లీ కూలబడ్డాడు. భార్య పోయి రెండేళ్లు. మగ్గం గుంటలో దిగినా, ఎక్కినా పలకరించే మనిషి లేడు. షెడ్డులో మోటర్‌సైకిళ్లు బాగుచేసే రోజుల్లో మెకానిక్ గట్టయ్య మధ్యాహ్నం గోడ మీంచి తల పెట్టి "బాపూ, తిన్నవా?" అనేవాడు. ఆ ఒక్క మాటతో ముసలాయనకు రోజు గడిచేది. తర్వాత షెడ్డుకు లారీలు వచ్చాయి, గట్టయ్య రంగు కొట్టే పనిలో పడ్డాడు. మోతలో ఆ మాట కూడా పోయింది.

ఆదివారం పొద్దున వాడ కూడింది. డిగ్రీ చదివే వాసంతి మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగి షెడ్డు పర్మిషన్ కాగితాలు తెచ్చింది.

"కాగితాలెందుకు బిడ్డా? షెడ్డోళ్లను తన్ని తరుముదాం" అన్నారు మగవాళ్లు.

"ఎవల్ని తంతరు? గట్టయ్యన్ననా? ఆయన కూలోడు, మన లెక్కనే. మూతికి గుడ్డ గూడ లేకుంట ఆ రంగు ముందుగాల ఆయనే మింగుతాండు. జాగ కిషన్ రావుది. లాభం కిషన్ రావుది. పర్మిషన్ ఎట్ల దెచ్చిండో ఇనుండ్రి. పక్కన మనుషులుండే ఇల్లుంటే ఇయ్యరట. గందుకని గిట్ల రాసిండ్రు: 'పక్క ఇల్లు నూలు గోదాము. అందులో ఎవరూ నివసించడం లేదు. యజమానికి అభ్యంతరం లేదు.' కింద సంతకం..."

వాసంతి ఆగింది. అందరి చూపులూ కాగితం మీంచి సిద్దిరాములు మీదికి మళ్లాయి.

అతను నెమ్మదిగా లేచాడు. "నాకు నా పేరు రాసుడే వస్తది, సదువుడు రాదు. లారీలు రాకముందు కిషన్ రావు సారు వచ్చి, సంతకం పెట్టకపోతె షెడ్డు మూస్తరు, గట్టయ్య పోతడన్నడు. తిన్నవా అని అడిగేటోడు ఆడొక్కడే. ఆడు గూడ పోతడేమోనని..."

"మేం అడగలేదా పెద్దబాపూ?" యాకమ్మ గయ్యిమంది.

అబద్ధం చెప్పడం సిద్దిరాములుకు చేతకాదు.

"అడగలే" అన్నాడు.

యాకమ్మ లేచి కొంగు దులుపుకుంది. "ఉన్నోనివి లేవని రాసిచ్చినవ్. ఇగ లేనట్టే" అని వెళ్లిపోయింది. ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

మర్నాడు అతను ఒక్కడే ఆఫీసుకు పోయాడు. "సారూ, గా ఇంట్ల నేనుంటాన" అన్నాడు. గుమాస్తా నవ్వాడు. "ఒక్క ముసలోడు నూలు కాడ పండుకుంటె కాపలా అంటరు తాతా, కాపురం అనరు. గురువారం సారొచ్చి చూస్తడు, పో."

సాయంత్రం కిషన్ రావు గడపలోకి వచ్చాడు. "సిద్దిరాములూ, గురువారం జర తొర్రూరు పోయి మీ చుట్టాలింట్ల ఉండరాదు? తాళం నేనేస్త."

కిషన్ రావు పోయాక సిద్దిరాములు వెళ్లి యాకమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు. ఏ ఇంటి ముందరా చెయ్యి చాచని మనిషి.

"ఒక్కన్నుంటె లెక్కకు రాదట బిడ్డా. మీరు గూడ రాండ్రి."

యాకమ్మ మగ్గం ఆపలేదు. తల ఎత్తలేదు.

గురువారం జీపు దిగారు. ఆఫీసరు, టేపు పట్టుకున్న మనిషి, వెనక కిషన్ రావు. సిద్దిరాములు మగ్గం గుంటలో ఒక్కడే కూర్చున్నాడు.

"చూసిండ్రు గద సార్, నూలు తప్ప ఏముంది?" అన్నాడు కిషన్ రావు. ఆఫీసరు పెన్ను తీశాడు.

"ఆగు సారూ!" యాకమ్మ కూరగిన్నెతో లోపలికొచ్చి పొయ్యి ముందు చతికిలబడింది. "నేనీడనే ఉంటాన. రాసుకో."

"నేను గూడ" అంటూ వాసంతి పుస్తకాల సంచీ చిలక్కొయ్యకు తగిలించింది. తర్వాత చాపలొచ్చాయి, చాటలొచ్చాయి, మంచం మీద మోసుకొచ్చిన ముసలవ్వ వచ్చింది. ఇల్లు నిండి గడప మీదికి, గడప నిండి వీధిలోకి పొర్లారు. "రాసుకో సారూ! నా పేరు రాసుకో!"

గోడ అవతల మోత టక్కున ఆగింది. చేతులకు ఎర్ర రంగుతోనే గట్టయ్య గుమ్మంలోకి వచ్చాడు.

"మోటరెందుకు బంద్ జేసినవ్‌రా?" కిషన్ రావు అరిచాడు.

"నా పానం గూడ ఎవలూ లేని గోదామని రాసిచ్చినవా సారూ?" దగ్గుతూనే అడిగాడు గట్టయ్య.

కిషన్ రావు ఫోను తీశాడు. పోలీసులు వచ్చారు. ఇంతమందిని పోగుచేసిందెవరని అడిగారు. వాడంతా ఒక్కసారే "నేను" అంది. అయినా రెక్క పట్టి జీపెక్కించింది సిద్దిరాములునే.

స్టేషన్లో రైటరు కాగితం ముందేసుకున్నాడు.

"ముసలాయనా, నిన్ను పట్టుకొచ్చినమని ఎవరికి చెప్పాలె? నీకెవరున్నరు?"

సిద్దిరాములు కిటికీలోంచి చూశాడు. గేటు ముందు కానిస్టేబుళ్లు లాఠీలు అడ్డం పెట్టి జనాన్ని ఆపుతున్నారు. అందరికంటే ముందు యాకమ్మ, పక్కనే రంగు చేతుల గట్టయ్య. వెనక ఇంకా వస్తూనే ఉన్నారు.

"రాసుకో సారూ" అన్నాడు తొందర లేకుండా. "యాకమ్మ. గట్టయ్య. వాసంతి. పోశయ్య. సమ్మమ్మ. కట్టమ్మ..."

రైటరు పెన్ను ఆగిపోయింది. సిద్దిరాములు ఆగలేదు.

"ఆ కాగితం సాలదు సారూ. ఇంకోటి తీస్కో."