కుప్పలు పంచే ముందు

మా ఊరి వాగులోకి ఒకచోట గని నుంచి ఎర్రనీళ్లు వచ్చి కలుస్తాయి. ఆ చోటికి పైన ఏ చేపలున్నాయో, కింద ఏవున్నాయో ఏడాదంతా చూసి రాసిపెట్టాను. కాలేజీ లెక్చరర్ చక్రధరరావు సార్ దాన్నిబట్టి ఒక పరిశోధన వ్యాసం రాశారు. కింద చేపలు తక్కువని తేలింది. వ్యాసం మీద తన పేరు పక్కన నా పేరూ పెట్టారు. దాన్ని అచ్చులో చూసుకోవాలని ఎంత ఆశగా ఉండేదో ఎవరికీ చెప్పలేదు.

పోయిన వారం సార్ మా బడికి వచ్చారు. "పత్రికకు పంపే ముందు, రాసినవాళ్లకు గనితో ఏమైనా సంబంధం ఉంటే చెప్పాలమ్మా" అన్నారు.

మా నాన్న భూషణం ఆ గనిలోనే లారీ తోలుతాడు. అది చెబితే నా లెక్క ఎవరు నమ్ముతారు?

"నా పేరు తీసేయండి సార్" అని తల దించుకున్నాను.

"ఆదివారం మీ ఊరొస్తాను. అప్పటిదాకా ఆలోచించుకో" అన్నారాయన.

ఆదివారం ఊరంతా కలిసి వాగు మడుగులో చేపలు పట్టారు. పంచడం ఈసారి మా మేనమామ రామనర్సయ్య వంతు. ఇంటికో కుప్ప పెట్టే ముందు, పంచేవాళ్లందరూ చేసినట్టే, లేచి నిలబడ్డాడు.

"భూషణం నాకు బావ. ఆయన కుప్పను బుధ్రి చూస్తది."

"నేనైతే పెద్ద చేపను నా కుప్పలకే లాగుత" అంది పక్కింటి బుధ్రి.

"లాగు, కాని చెప్పి లాగు" అన్నాడు నాన్న. అందరూ నవ్వారు. మామను పంచొద్దని ఎవరూ అనలేదు. బుధ్రి మాత్రం మా కుప్ప మీంచి కన్ను తీయలేదు.

నేను గట్టు మీద కూర్చున్న సార్ దగ్గరికి వెళ్లాను.

"మా నాన్న గనిల లారీ తోల్తడు సార్."

"దానికా పేరు తీసేయమన్నావు?"

సంచిలోంచి వ్యాసం తీసి చివరి పేజీ చూపించారు. అక్కడ ఒక వాక్యం ముందే ఉంది. సార్ తమ్ముడు అదే గనిలో ఇంజనీరని.

"ఇది తెలిస్తే చదివేవాళ్లు మన లెక్కను ఇంకాస్త జాగ్రత్తగా చూస్తారు. చూడనీ" అంటూ దాని కిందే నాన్న పని రాశారు.

నాన్న తడిచేతులతోనే వచ్చి వంగి చూశాడు. "ఏంది సార్, నా పేరు గూడ ఎక్కుతదా?"

"పేరు కాదు భూషణం, నీ పని."

"అయితే పెద్ద లారీ అని రాయుండ్రి."

సార్ నవ్వుతూ మొదటి పేజీ తిప్పారు. నా పేరు అలాగే ఉంది. నాన్న వేలి నుంచి దాని మీద ఒక నీటిచుక్క పడితే, చున్నీ కొసతో మెల్లగా అద్దాను.