తెర వెనక మరియమ్మ

తెల్లవారితే చాలు, ఫ్రెడ్రిక్‌కి తెల్లవారి గోడే. ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే గ్రేసమ్మ కోడికూర పొయ్యిమీద పెట్టింది. ఆయన సోఫాలోంచి కేకేశాడు.

"చూశావా గ్రేసూ, ఈ అన్యాయం! బొమ్మల పుస్తకంలో ఆ సూపర్‌హీరోయిన్ తెల్లపిల్ల, ఎర్రజుట్టు. సినిమాలో నల్లపిల్లని పెట్టారు. నా చిన్నప్పటి కథ నాశనం చేశారు!"

ఆయనదీ ఆ పిల్ల రంగే. అయినా గుంటూరులో పుట్టి న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో కూర్చుని, ఫ్యాన్స్ గ్రూపులో ఎర్రజుట్టు కోసం జుట్టు పీక్కుంటున్నాడు.

పక్కన కూతురు బెట్సీ ఆ ట్రైలరే మళ్లీ మళ్లీ చూస్తోంది. "మమ్, లుక్! ఆమెకి నా మోచేతులే!"

గ్రేసమ్మకి నవ్వొచ్చింది. పిల్ల మోచేతులకి నిమ్మచెక్క రుద్దమని అత్తగారు వీడియో కాల్‌లో ఇప్పటికీ చెబుతుంది. పెళ్లిచూపుల్లో ఆవిడే, "రంగు తక్కువైతేనేం, గొంతు బంగారం" అంది. దాన్ని ఇన్నేళ్లూ మెచ్చుకోలనే అనుకుంది. చర్చిలో క్రిస్మస్ నాటకం వేయించేది ఫ్రెడ్రికే. రంగస్థలమంటే రంగు చూసి ఇచ్చే స్థలమని ఆయన లెక్క. తెలుగు పిల్లలెవరూ కంటికి ఆనక, పక్కింటి తెల్ల కివీ పిల్లని మరియమ్మని చేశాడు. చక్కటి పిల్లే, పాపం, తెలుగొక్క ముక్క రాదు. అందుకని వృద్ధుల రెస్ట్‌హోమ్‌లో రాత్రి డ్యూటీ చేసొచ్చిన గ్రేసమ్మ తెర వెనక గొంతుక్కూర్చుని, "ఇదిగో, ప్రభువు దాసురాలను" అని పలికేది. ముందు చప్పట్లు, వెనక మోకాళ్ల నొప్పులు. ఆపైన అందరికీ బిర్యానీ వడ్డన.

"బెట్సీదీ అచ్చం నీ గొంతే. ఈ ఏడు తెర వెనక దాన్ని కూర్చోబెడదాం. నీ మోకాళ్లకి విశ్రాంతి," అన్నాడు ఫ్రెడ్రిక్, ఎంతో ప్రేమగా.

ఆమె చేతిలో గరిటె ఆగింది.

"మరియమ్మది ఏ ఊరండీ?"

"నజరేతు."

"అక్కడివాళ్లది ఎర్రజుట్టా?"

"అది వేరు, ఇది వేరు. అన్నం పెట్టు."

పెట్టింది. ఆ ఇంట్లో వండినవాళ్లే ప్రార్థన చెయ్యాలి. గ్రేసమ్మ మాటని ఎవరైనా తుంచేస్తారు గాని, ప్రార్థన మధ్యలో మాత్రం ఎవరూ నోరెత్తరు. కళ్లు మూసుకుంది.

"ప్రభువా, ఈ అన్నానికి వందనాలు. వండిన చేతులకీ వందనాలు, ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. పేరైనా తెలీని ఆ సినిమా పిల్ల కోసం వందనాలు. ఇంతమంది తిడుతున్నా తెర మీదికొచ్చి నిలబడింది. ఆమె మోచేతుల కోసం వందనాలు తండ్రీ."

బెట్సీ కిసుక్కుమంది. ఫ్రెడ్రిక్ గొంతు సవరించుకున్నాడు గాని, కళ్లు తెరవలేదు.

"ఈ ఏడు నుంచి మా ఇంటి గొంతు తెర వెనక కూర్చోదు. గొంతు కావాలంటే మనిషిని కూడా తీసుకోవాలి. మరియమ్మ వేషం బెట్సీకే ఇచ్చిన నా భర్త మంచి మనసు కోసం ముందుగానే నీకు స్తోత్రాలు."

ఫ్రెడ్రిక్ ఏం విన్నాడో తలకెక్కేలోపే, ఊహ తెలిసినప్పటినుంచీ ఉన్న అలవాటు నోటికొచ్చేసింది.

"ఆమెన్."