లాల పోసిన సొమ్ము

పెనం మీద అట్టు అంచులు లేస్తున్నాయి. ఇక తిరగెయ్యాలి అనుకుంటుండగా హరికృష్ణ వంటింట్లోకి వచ్చి, చాముండేశ్వరి ఫోనే తెచ్చి ఆమె ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. "ఇటు చూడు. కదలకు. ఆ, కళ్ళు ఆర్పు. అయిపోయింది, నీ అట్టు నువ్వు చూసుకో." అంతే. ఆమె చూసింది, కళ్ళు ఆర్పింది, అట్టు తిరగేసింది. ఎందుకని అడగలేదు. ఈ సింగపూరులో ఆస్పత్రికీ ముఖమే, ఫ్లాటు కాగితాలకీ ముఖమే. మనిషి ముఖం ఫోనుకి చూపిస్తే తలుపులన్నీ వాటంతటవే తెరుచుకుంటాయని ఆమెకి తెలుసు. ఆ పూట తెరుచుకున్న తలుపేదో మాత్రం తెలియదు. అట్టు చల్లారేలోపల ఆవిడ ఇంగ్లండులో ఎక్కడో, పేరు పలకాలంటే నోరు తిరగని ఊళ్ళో, చదువుకునే పిల్లల కోసం కట్టబోయే హాస్టలుకి సొమ్ము పెట్టిన భాగస్థురాలు అయిపోయింది. తలా కాస్తా డబ్బు పోగేసి ఎక్కడెక్కడో భవనాలు కట్టే కంపెనీ ఒకటుంది లెండి, దాని వలలో అలా పడింది.

పడిన డబ్బు అచ్చంగా ఆవిడదే. అదెలా వచ్చిందో చెప్పకపోతే ఈ కథకి అర్థం లేదు. ఈ ఊరి తూర్పు కొసన పాసిర్ రిస్‌లో కాపురం పెట్టిన కొత్తలో పై అంతస్తు పిల్ల ఒకతి ప్రసవించింది. తల్లి రావడానికి కుదరలేదు. పసిగుడ్డుకి నీళ్ళు పోయడం చేతకాక ఆ పిల్ల ప్లాస్టిక్ టబ్బు పక్కన కూలబడి ఏడుస్తోందని విని చాముండేశ్వరి వెళ్ళింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, బాత్‌రూంలో చిన్న పీట మీద కూర్చుని కాళ్ళు చాచి, బిడ్డని ఆ కాళ్ళ మీద బోర్లా వేసుకుంది. నూనె పట్టించి, సున్నిపిండితో నలిచి, గోరువెచ్చని నీళ్ళు ధారగా పోసింది. ఎదురింటి చైనా మామ్మకి ముందే చెప్పి, కిటికీలు తెరిచి, కాస్త సాంబ్రాణి పొగ కూడా వేసింది. బిడ్డ ఆ పగలంతా హాయిగా నిద్రపోయింది. అప్పట్నించి అటు పక్క పేట టాంపినీస్ దాకా ఏ తెలుగింట బిడ్డ పుట్టినా లాల పోయడానికి చాముండి ఆంటీ రావలసిందే. వాళ్ళు చేతిలో పెట్టింది పుచ్చుకుని బ్యాంకులో వేసుకునేది. బిడ్డలు బలిశారు, ఆవిడ మోకాళ్ళు అరిగాయి.

అత్తగారు బతికున్నన్నాళ్ళూ "మంత్రసాని పని మన ఇంటా వంటా లేదమ్మా" అని మూతి ముడుచుకునేది. ముడుచుకున్న ఆ మూతికే ఈ డబ్బుతో పళ్ళు కట్టించారు. హరికృష్ణ స్నేహితులతో "మా ఆవిడకి ఇంట్లో తోచదండీ, కాలక్షేపానికి వెళ్తుంది" అనేవాడు. ఆ కాలక్షేపమే కూతురి ట్యూషన్ ఫీజు కట్టింది, ఆయన ఉద్యోగం ఊడిన ఏడు ఇంట్లో బియ్యం తెచ్చింది. అదేం చిత్రమో గాని, ఖర్చు పెట్టేటప్పుడు అది మన డబ్బు. మిగిలితే కాలక్షేపం డబ్బు. ములిగాక మాత్రం, "నీ పేరు మీదే ఉందిగా!"

ఆవిడ పేరు మీద పెట్టమని సలహా ఇచ్చింది జురాంగ్ ఈస్ట్‌లో ఉండే శ్రీనాథ్. ఆ కంపెనీకి మనుషుల్ని చేర్చిపెడుతూ ఉండేవాడు. చుట్టం కాకపోయినా వరసలు కలిపే మాటల పోగు. "అక్క పేరున పెట్టండి బావా. కొత్త పేరుకి వాళ్ళు పైన కాస్త ఇస్తారు. అక్క ద్వారా ఎవరన్నా చేరితే దానికో బోనసు." అత్త సొమ్ము అల్లుడు దానం అన్నట్టు ఇద్దరూ కలిసి చక్కబెట్టారు. మొదట్లో వడ్డీ వచ్చింది, బోనసు వచ్చింది, హాల్లో గోడంత టీవీ వచ్చింది. తర్వాత వడ్డీ ఆగింది. కంపెనీ ఫోను ఎత్తడం మానేసింది. హరికృష్ణ ఇంట్లో నోరెత్తడం మానేశాడు.

ఆవిడకి సంగతి తెలిసింది మొగుడి నోట కాదు, రజిత నోట. కరీంనగర్ పిల్ల, పక్క బ్లాకులో ఉంటుంది. ఆమె కూతురు నిఖిల, చాముండేశ్వరి కాళ్ళ మీద పెరిగిన పిల్లే. ఒకనాటి పొద్దున బ్లాకు కింద ఎదురుపడితే నిఖిల పరుగెత్తుకొచ్చి చుట్టేసుకుంది. రజిత మాత్రం పిల్ల రెక్క పట్టుకుని వెనక్కి లాగింది.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"మంచిగనే ఉన్న ఆంటీ. పైసలే పోయినయి. గట్ల చేస్తరనుకోలే మీరు."

"నేనేం చేశానే?"

"ఆ హాస్టల్ లింకు మీరే పంపిన్రు గదా. మీ నెంబరు నుంచే వచ్చె. మంచిదమ్మా చేరు అని రాసిన్రు. ఆంటీ చెప్పిందంటే ఇగ అడిగేదేముంది అని ఇల్లు కొందామని దాచినయన్నీ పెట్టినం. మా ఆయన తిరుమలేష్ ఏమంటుండో ఎరికేనా? పిల్లను నమ్మి అప్పజెప్పినం, పైసలు సుత నమ్మి అప్పజెప్పినం, పిల్లనన్నా తిరిగిచ్చింది అంటుండు."

చాముండేశ్వరి చేతిలో ఉన్న తన ఫోను కేసి చూసుకుంది. తను రాయలేదు. ఫోనులో తెలుగు టైపు చెయ్యడమే తనకి రాదు. కాని ఎవరు రాసి ఉంటారో ఆ క్షణంలోనే తెలిసిపోయింది, తెలిశాక లిఫ్టు కేసి నడిచింది. ఎందుకంటే నేను కాదు, మా ఆయన అని ఒక్క మాట అనాలంటే, ఇన్నేళ్ళ కాపురాన్నీ ఆ బ్లాకు కింద అందరూ నడిచే చోట పరిచి పెట్టినట్టే కదా. లిఫ్టులో పైకి వెళ్తుంటే అద్దంలో తన ముఖం కనబడింది. ఈ ముఖం చూసే వాళ్ళు చేరారు అనుకుంది.

ఇంటికి రాగానే అడిగింది. "రజితకి నా ఫోనులోంచి మీరే రాశారా?"

టీవీ చూస్తున్న హరికృష్ణ తల తిప్పకుండానే అన్నాడు. "ఒక్క రజితేనా, నీ పురుటి తల్లులందరికీ పంపాను. నలుగురైదుగురు చేరారు. నా పేరుతో రాస్తే ఎవరు చేరతారు? వాళ్ళకి గురి నీ మీద!"

మెచ్చుకున్నట్టే అన్నాడు. అదే ఆవిడకి మింగుడుపడలేదు. డబ్బు తీసుకున్నాడు, పోనీ. గోచీ దగ్గర్నించి తన కాళ్ళ మీద పెరిగిన పిల్లల తల్లుల గురిని కూడా టీవీ చేసి గోడకి తగిలించుకున్నాడు.

ఆదివారం కూతురు అలేఖ్య వచ్చింది. పుట్టింది, పెరిగింది ఇక్కడే. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో, అదీ ఇక్కడివాళ్ళలా మాట చివర 'లా' తగిలించి చెబుతుంది. తల్లి ఫోనులో కంపెనీ పంపినవన్నీ చదివి తలెత్తింది. "మమ్మీ, దిస్ వన్ ఓన్లీ యువర్ నేమ్ లా. డాడీ పేరు ఎక్కడా లేదు. ఓటు నీదే."

"ఓటేమిటే, ఎలక్షన్లా?"

"ఆల్మోస్ట్."

అలేఖ్య చెప్పిందాంట్లోంచి చాముండేశ్వరి తనకి అర్థమైనంత ఏరుకుంది. కంపెనీ డబ్బు పెట్టినవాళ్ళందరినీ పిలిచి మీటింగు పెడుతోంది. బాకీ బదులు కొత్త కంపెనీలో వాటాలిస్తాం, ఇక మా మీద ఫిర్యాదులు చెయ్యకండి అంటోంది. సరే అన్నవాళ్ళు ఎక్కువైతే అందరూ నోరు మూసుకోవాలి. వద్దన్నవాళ్ళు నెగ్గితే కోర్టు తరఫున ఒక మనిషి వస్తాడు. ఆ స్థలం అమ్మించి, లెక్కలన్నీ తవ్వి, ఎవరెవరు కమీషన్లు తిన్నారో చూసి, వచ్చినంత వెనక్కి రాబట్టి పంచుతాడు. మొత్తం రాదు. కాని ఎంతో కొంత వస్తుంది.

"ఆ బోనసు కూడా అడుగుతారా?"

"యా. యువర్ నేమ్, సో దే విల్ ఆస్క్ యూ."

చాముండేశ్వరి కాసేపు చిక్కుడుకాయల ఈనెలు తీసింది. "కక్కమంటే కక్కుతాను. తిన్నది నేను కాకపోయినా."

"డాడీ విల్ బి సో యాంగ్రీ."

"మీ నాన్న కోపం నాకు కొత్తటే? ఇన్నేళ్ళూ ఆయనతోపాటు దానికీ వండి పెట్టాను."

మరుసటి శనివారం శ్రీనాథ్ భోజనానికి వచ్చాడు. గుత్తివంకాయ రెండోసారి వేయించుకుని, "అక్కా, ఈ చేతికి బంగారు కడియం తొడగాలి" అన్నాడు. కడియం ఊసు అక్కడే వదిలేసి అసలు పనిలోకి దిగాడు. "చిన్న పనక్కా. మీటింగుకి అంతదూరం ఆ మోకాళ్ళతో మీరేం వస్తారు? మీ బదులు నేను ఓటు వేస్తానని మీ ఫోనులో ఒప్పుకుంటే చాలు. అందరివీ నేనే చూస్తున్నా."

"నా మోకాళ్ళు నీకు ఇన్నాళ్ళకి గుర్తొచ్చాయా తమ్ముడూ? సరే, అందరూ వద్దంటే నీకేం పోతుంది?"

"నాకేం పోతుందక్కా, అంతా మీ మంచికే."

హరికృష్ణ పెరుగు కలుపుకుంటూ అందుకున్నాడు. "అదేంటి, కోర్టు మనిషి వస్తే నీ కమీషన్లన్నీ తిరిగి కట్టాలని నిన్ననే అన్నావుగా!"

శ్రీనాథ్ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ పప్పు అన్నం మీద కాస్త నెయ్యి వెయ్యనా అని ఆవిడ అడిగింది. వద్దన్నాడు. గరిటె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెనకాలే మొగుడు వచ్చాడు, చేతిలో ఆవిడ ఫోను.

"ఇటు చూడు."

ఆవిడ పొయ్యి కేసి తిరిగింది.

"చాముండీ! బయట మనిషి కూచున్నాడు, పరువు తియ్యకు. ఒక్కసారి కళ్ళు ఆర్పితే అయిపోతుంది."

ఆవిడ గరిటె దించి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఆయన చేతిలోంచి ఫోను తీసుకుంది. లాక్కోలేదు. పసిబిడ్డ చేతిలోంచి కత్తెర తీసుకున్నట్టు నెమ్మదిగా తీసుకుని బొడ్డులో దోపుకుంది. "భోంచెయ్యండి. చల్లారిపోతోంది."

శ్రీనాథ్ చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాక హరికృష్ణ చిందులు తొక్కాడు. "నలుగురిలో నా తల తీసేశావు!"

"మీ తల సంగతి తర్వాత. ముందు నా ముఖం సంగతి తేల్చుకోవాలి."

ఆ సాయంత్రమే బాల్కనీలో బట్టలు మడత పెడుతూ, టైపు చెయ్యడం రాదు గనక, ఫోను నోటి దగ్గర పెట్టుకుని తల్లులందరికీ మాట పంపింది. "నేను చాముండి ఆంటీనమ్మా. ఆ లింకు రాసింది నేను కాదు. కాని నా ఫోనులోంచి వచ్చింది గనక ఆ మాట నాదే. దానికి నాకొచ్చిన బోనసు ముందు నేనే తిరిగి కడతాను. మీటింగుకి వెళ్తున్నాను, వద్దని ఓటేస్తాను. మీ ఓట్లు శ్రీనాథ్ చేతికి ఇవ్వకండి. వచ్చేవాళ్ళు రండి." చెప్పేసి చాలాసేపు ఫోను కేసి చూస్తూ కూర్చుంది. ఎవరూ పలకలేదు. మడతపెట్టిన హరికృష్ణ చొక్కాల దొంతర లోపలికి తీసుకెళ్ళి ఎప్పటి చోటే పెట్టింది. అలవాటు కదా.

మీటింగు రోజున పాసిర్ రిస్ స్టేషనులో మెట్ల దగ్గర రజిత నిలబడి ఉంది, ఒంటరిగా కాదు. ఇంకా ముగ్గురు తల్లులున్నారు, ఒకామె చంకలో పిల్లాడు. రజిత దగ్గరికొచ్చి ఆవిడ చేతిసంచి తీసుకుంది. "తిరుమలేష్‌కు మీ మాట వినిపించిన ఆంటీ. పిల్లను నేను చూస్త, నువ్వు పో అన్నడు." మీటింగు జురాంగ్ ఈస్ట్‌లో, అంటే ఊరికి ఆ చివర. రైలు కదిలినప్పట్నించీ మోకాళ్ళు సలుపుతూనే ఉన్నాయి. రజిత అడక్కుండానే తన బ్యాగు తీసి ఆవిడ కాళ్ళ కింద పెట్టింది.

హోటలు హాలు ముందు పెద్ద క్యూ. తలుపు పక్కన శ్రీనాథ్, పక్కనే అంతకు ముందు రైల్లో వచ్చేసిన హరికృష్ణ. ఆయన ఆవిడ కేసి ఒక అడుగు వేసి, ఆమె వెనక నిలబడ్డ ఆడవాళ్ళని చూసి పక్కకి జరిగాడు. క్యూ కదిలి చాముండేశ్వరి వంతు వచ్చింది. బల్ల వెనక చైనా అమ్మాయి నవ్వుతూ పలకలాంటి తెర ఒకటి ఆవిడ ముఖానికి ఎదురుగా పట్టుకుంది. "ఆంటీ, లుక్ హియర్. బ్లింక్, ఓకే?"

చాముండేశ్వరి చెయ్యెత్తి ఆపింది. సంచిలోంచి కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, పెట్టుకుంది.

"వెయిట్, గర్ల్. ఫస్ట్ ఐ రీడ్."

వెనక క్యూ అంతా ఆగింది. ఆవిడ వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, తెర మీది రాత పై వరస నుంచి మొదలుపెట్టింది.