మూడో ఆనవాలు

ఎనభై వేల మంది చదివే సినిమా వారపత్రికలో ‘ఎవరబ్బా?’ అనే శీర్షిక నాది. పేరు చెప్పకుండా ఒక తార గురించి మూడు ఆనవాళ్లు ఇస్తాను. జనం బుర్రలు బద్దలుకొట్టుకుంటారు. జవాబు మాత్రం ఎప్పుడూ వేయం. ఉంటే కదా వేయడానికి. మా ఆఫీసు పద్ధతి ప్రకారం ఒక్కో ఆనవాలు ఒక్కో మనిషి నుంచి తేవాలి. ఒక హీరో ముక్కోపం, ఇంకో హీరో కొత్త ఇల్లు, మరొకరి విడాకుల పుకారు కలిపి ఒక మనిషిని తయారుచేస్తాం. అలాంటివాడు లోకంలో ఎక్కడా ఉండడు కాబట్టి మా మీద ఎవరూ కేసు వేయలేరు. ఈ సంగతి నాకూ మా ఎడిటరుకూ తప్ప మూడోవారికి తెలియదు.

వారానికి రెండు వందల ఉత్తరాలు వస్తాయి. ‘ఫలానా వాడే, నాకు ముందే తెలుసు’ అని ఒట్టేసి మరీ రాస్తారు. వాడు లేడని నాకు తెలిసి కూడా, నాలుగు ఉత్తరాలు చదివేసరికి నిజంగా ఫలానావాడేనేమో అని నాకే అనుమానం వచ్చేది.

ఆ శీర్షికకు మా అక్కను మించిన అభిమాని లేదు. శుక్రవారం సాయంత్రం బావ పనినుంచి పత్రికతో వస్తారు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని పైకి చదువుతారు. అక్క కూరగాయలు తరుగుతూ, రెండో ఆనవాలు పూర్తికాకముందే పేరు చెప్పేస్తుంది. బావ తల ఊపుతారు. పన్నెండేళ్లుగా ఇదే తంతు. నేను గుట్టు విప్పలేదు. ఆవిడ సంబరం చెడగొట్టడం నాకు ఇష్టంలేదు.

బావ సంగీత కళాశాలలో పియానోలు శ్రుతి చేస్తారు. నలభై రెండు పియానోలకూ ఆయన చెవులే ఆధారం. నెల క్రితం ఒక బుధవారం మా ఫొటోగ్రాఫరు చెవిలో పురుగు దూరితే చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ పక్క గుమ్మంలోంచి, టోపీ కళ్లదాకా దించుకుని, బావ బయటికి వస్తున్నారు. నన్ను చూసి ఆగిపోయారు.

“ఒక చెవి పోతోందమ్మాయ్. ప్రతి బుధవారం వస్తున్నా. మీ అక్కకి మాత్రం చెప్పకు,” అన్నారు. “కాలేజీలో తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. ఆవిడకి తెలిస్తే నిద్ర పోతుంది.”

చెప్పనని మాటిచ్చాను. నిజంగానే అక్కకు చెప్పలేదు. ఎనభై వేల మందికి చెప్పాను.

ఎలాగంటే, ఈ వారం రెండు ఆనవాళ్లు సిద్ధంగా ఉన్నాయి. హీరో మీసం తీసేశాడు, మూడు సినిమాలు వదులుకున్నాడు. మూడోదాన్ని ఎడిటరు చివరి నిమిషంలో కొట్టేశారు. ప్రెస్సువాళ్లు ఫోను మీద ఫోను. ఏదో ఒకటి కావాలి. ‘ప్రతి బుధవారం టోపీ కళ్లదాకా దించుకుని, పక్క గుమ్మంలోంచి చెవుల డాక్టరును కలిసి వస్తున్నాడు’ అని రాసి పంపేశాను. హీరోకు తగిలించాక అది బావదని నాకు తట్టనే లేదు. మా వృత్తికి ఉన్న జబ్బే అది. పేరు తీసేస్తే మనిషి కూడా పోయాడనుకుంటాం.

శుక్రవారం బస్సులో ఎదురు సీటావిడ ఆ పేజీ తెరిచి పక్కావిడకు చూపిస్తోంది. ఆ మూడో ఆనవాలు బావదని నాకు అప్పుడు తట్టింది. దారిలో దిగి, అటువైపు వెళ్లే బస్సెక్కి, అక్క వాళ్లింటికి పరుగెత్తాను.

అప్పటికే బావ కళ్లజోడు పెట్టుకున్నారు.

“బావగారూ, ఈ వారం బాగా రాలేదు, వదిలేయండి,” అన్నాను.

“వారమంతా దీనికోసమే చూస్తానే. కూర్చో,” అంది అక్క.

ఆయన చదివారు. మీసం అయింది. మూడు సినిమాలు అయ్యాయి. “ఆగండి, ఆ పొడుగాయనే కదూ...” అని అక్క మొదలుపెట్టేలోగా మూడోది వచ్చేసింది. ‘ప్రతి బుధవారం’ దగ్గర బావ ఆగి నావైపు చూశారు. నేల చీలితే లోపలికి పోదామనిపించింది. ఆయన ఆ వాక్యం దాటేసి ఉండవచ్చు. దాటలేదు. ఎందుకు దాటలేదో నాకు ఇప్పటికీ తెలియదు. చివరి మాట దాకా చదివారు.

అక్క కత్తి ఆగింది. “ఏమో. ఇదెవరో నాకు తెలీదు,” అంది. పన్నెండేళ్లలో ఆ మాట అనడం అదే మొదటిసారి. “తర్వాతి పేజీ తిప్పండి.”

బావ తిప్పలేదు.

“నాకు తెలుసు,” అన్నారు.

“ఎవరు?” అంది అక్క, తలెత్తకుండానే.

“నేనే.”

అక్క కత్తి పక్కన పెట్టింది. “ఎనిమిది నెలలుగా టీవీ సౌండు పెంచుతోంది ఎవరనుకున్నారు? పిలిస్తే పలకరేంటని ఒక్కసారైనా అడిగానా? మీరే చెప్తారని చూస్తున్నా.” చేతులు కొంగుకు తుడుచుకుంది. “డాక్టరేమన్నాడు?”

“ఎడమది ఇక రాదట. కుడిది బాగానే ఉంది. సోమవారం కాలేజీలో చెప్పేస్తా. తర్వాత వాళ్లిష్టం.”

“మాట తప్పాను బావగారూ,” అన్నాను.

“తప్పావు,” అన్నారు. ఫర్వాలేదని మాత్రం అనలేదు.

అక్క నావైపు తిరిగింది. “మరి ఆ మీసం ఎవరిదే?”

ఇక దాచడానికి నాకు మొహం చెల్లలేదు. పద్ధతంతా చెప్పేశాను. ముగ్గురిని కలిపి ఒకడిని చేయడం, జవాబు లేకపోవడం, అన్నీ. అక్క పత్రికను తనవైపు తిప్పుకుంది.

“అయితే పన్నెండేళ్లూ లేనివాళ్ల పేర్లు చెప్పానన్నమాట.”

“నువ్వు చెప్పినవాటిల్లో ఈ మధ్యవి నాకు సగం వినపళ్లేదు,” అన్నారు బావ. “ఊరికే తల ఊపేవాణ్ణి. పోయిన వారం ఎవరన్నావ్?”

అక్క లేచింది. కుర్చీ లాక్కెళ్లి ఆయనకు కుడిపక్కన వేసుకుని, పోయిన వారం పేరు మళ్లీ చెప్పింది. దాని ముందు వారానిదీ చెప్పింది.